చేతులు తీయించిన మాట

పోయిన వారం మీరు నన్ను నేలమీద వెల్లకిలా వదిలేసి వెళ్లారు. 'పోయిన' అని అలవాటుగా అనేశాను, దాన్ని 'కిందటి వారం' అని దిద్దుకుని చదవండి. ఆ మాట మా పనిలో ఎందుకు నిషిద్ధమో, అది నా కుడి మణికట్టును ఎలా విరిచిందో తెలిసినవాళ్లు కాస్త ఓపిక పట్టండి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు మళ్లీ చెప్పక తప్పదు.

మాది అద్దాలు బిగించే బృందం. పెద్ద భవనాల ముందు గోడలా నిలబడే అద్దం పలకలను మోసుకెళ్లి, పైకెత్తి, చట్రంలో కూర్చోబెట్టడం మా పని. మోసేది ఆరుగురు మగవాళ్లు. ఎదురుగా నిలబడి ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేది నేను. ఆ ఆరుగురిలో ఒకరు మా ఆయన. ఈ బృందాన్ని ఏళ్ల తరబడి నడిపింది మా మామయ్య. మోకాళ్లు మొరాయించి తప్పుకునే రోజున ఆయన కన్నకొడుకును కాదని, అందరికన్నా పాతవాడైన పుట్టీని కాదని, అప్పటిదాకా కొలతలు తీసుకుంటూ తిరిగిన కోడల్ని తన చోట నిలబెట్టారు. పుట్టీ అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అద్దం అంచుల్లో పుట్టీ పెట్టడంలో అతని వేలికి తిరుగులేదు కాబట్టి అదే పేరైంది.

మా దగ్గర 'పోయింది' అంటే ఒకటే అర్థం. అద్దం ఏదో ఒక మూల జారింది. ఆ మాట వినగానే ఆరుగురూ ఒకేసారి చేతులు తీసి అడుగు వెనక్కి వెయ్యాలి. జారే అద్దాన్ని ఆపబోయినవాడికి వేళ్లు మిగలవు. ఒకడు వదిలేసి మిగతావాళ్లు పట్టుకుని ఉంటే ఇంకా ప్రమాదం, పలక మెలితిరిగి పగిలి పట్టుకున్నవాళ్ల మీదికే వస్తుంది. అందుకే అద్దం ఎంత ఖరీదైనదైనా చేతులు తీసెయ్యడమే. ఇంత పదునున్న మాట కాబట్టి పనిచోట మామూలు కబుర్లలో దాన్ని వాడనిచ్చేవారు కాదు మామయ్య. మాకు బస్సు పోదు, వెళ్తుంది. టీ అయిపోదు, ఉండదు. రేడియో అని మేం పిలిచే వాగుడుకాయ ఒకడున్నాడు. పనిలో ఉండగా వాళ్ల నాయనమ్మ కాలం చేసిందని ఫోనొస్తే, "మా నాయనమ్మ లేదు" అన్నాడు. "ఎక్కడికెళ్లింది?" అని అడిగాడు ఆ ఆరుగురిలోనే ఉన్న మా డ్రైవరు.

ఆడమనిషి మాట మీద ఆరుగురు మగాళ్లు కుదురుగా పనిచేస్తారా అని మా యజమానికి బెంగ. నాయకత్వం, టీమ్‌వర్కు నేర్పే ట్రైనరమ్మను పిలిపించాడు. హాలు అద్దెకు తీసుకున్నాడు. ముఖ్య అతిథిగా మామయ్యను రప్పించి గుమ్మం దగ్గర కుర్చీ వేయించాడు. ట్రైనరమ్మ నన్ను ఒక బల్లెక్కించి, కళ్లకూ చెవులకూ కలిపి తువ్వాలు బిగించి, "మీ టీమ్ మీద నమ్మకంతో వెనక్కి వాలండి లీడర్ గారూ" అంది. కింద ఆరుగురూ రెండు వరసల్లో ఎదురెదురుగా చేతులు చాచి నిలబడ్డారు. అందరూ గోలగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టారు. నేను వాలాను. గాల్లో ఉండగా తువ్వాలు సందులోంచి ఆ ఒక్క మాట వినబడింది. పన్నెండు చేతులు మాయమయ్యాయి.

ఆ మాట అన్నది ఎవరు? కిందటి వారం అక్కడ ఆగాం.

*

చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాక తెలిసొచ్చింది, తెలుగులో సగం మాటలకు తోక అదే. కరెంటు పోయింది. గుండీ ఊడిపోయింది. పక్కింటావిడ ఆరేసిన బట్టలు చూసుకుని "తడిసిపోయింది" అన్నా నా ఒళ్లు ఝల్లుమనేది. మా ఆయన మాత్రం నా ముందు ఆ మాట రాకుండా ఎంత జాగ్రత్త పడ్డారో. "గ్యాస్ నిండుకుంది" అన్నారు ఒక పూట. అప్పుడు నాకు ఆ జాగ్రత్త ముచ్చటేసింది.

నా జడ ఆయనే వేశారు. పిల్లల జడలు కూడా వేసెరగని మనిషి, నాకు వంకరటింకరగా వేసి అద్దంలో చూపించి నవ్వించారు. మందులు ఆయనే గుర్తుపెట్టుకుని ఇచ్చారు. ఆరోజు ఏం జరిగిందో విడమరిచి చెప్పిందీ ఆయనే. ట్రైనరమ్మ చేతిలో మైకు ఉన్నట్టుండి మూగబోయిందట. హాలు ఊడ్చేవాడెవడో గుమ్మంలో నిలబడి "పోయింది" అన్నాడట. పాపం వాడు మైకు సంగతి అన్నాడు, మా సంగతి వాడికేం తెలుసు? మావాళ్లకు బుర్ర కన్నా ముందు చేతులు కదిలాయి. ఎవరి తప్పూ లేదు.

నమ్మాను. నమ్మడం హాయిగా కూడా ఉంది. ఆ తర్వాత రేడియో నన్ను చూడ్డానికొచ్చి అచ్చం అదే కథ అవే మాటల్లో అప్పజెప్పాడు. మా బృందంలోని కవలలిద్దరూ వచ్చారు, పెద్దవాడు మొదలెడితే చిన్నవాడు ముగించాడు, అదే కథ. డ్రైవరు వచ్చి వాడూ మైకు మూగబోయిందన్నాడు. మా డ్రైవరు పుట్టి బుద్ధెరిగాక 'మూగబోవడం' అనే మాట వాడి ఉండడు. వాడి నోట వస్తువులు చెడతాయి, మొరాయిస్తాయి, చస్తాయి. మూగబోవు. ఎవరో నేర్పిన మాటను వాడు జాగ్రత్తగా మోసుకొచ్చి నా మంచం దగ్గర దించి వెళ్లాడు. ఇక నాకు కంటిమీద కునుకు లేదు.

రేపు కొత్త లైబ్రరీ ముందు నిలబెట్టాల్సిన అద్దం మా గోడౌన్‌లోకి ఇంతవరకూ వచ్చినవాటన్నిటిలోకీ పెద్దది. "నువ్వు నిలబడి చేయిస్తావా, పుట్టీకి అప్పజెప్పనా? సాయంత్రంలోగా చెప్పు" అని పొద్దున్నే యజమాని ఫోను. నిలబడ్డానికి నాకు కుడిచెయ్యి అక్కర్లేదు, నోరు చాలు. కానీ నన్ను కావాలని పడేసినవాడు ఆ ఆరుగురిలో ఉంటే, వాణ్ని అద్దం కిందికి పంపి వాడి పక్కవాడి ప్రాణానికి నేనెలా పూచీపడను? ఎవరో తేలాలి. తేలకపోతే నా చోటు నేనే వదులుకోవాలి. వదులుకుంటే మళ్లీ ఎవరూ ఇవ్వరని నాకు తెలుసు.

నా అనుమానం మొదట్నుంచీ పుట్టీ మీదే. దానికి కారణం ఉంది. మామయ్య పనిలో 'ఎత్తు' అనేవారు. నేను మొదటిరోజు అలాగే అనబోయి ఆగిపోయాను. ఆరుగురిలో మా ఆయన ఉన్నారు కదా. ఐదుగురికి 'ఎత్తు', ఒకరికి 'ఎత్తండి' అంటే అద్దం వంకరగా లేస్తుంది. అందుకని అందరికీ 'అండి' తగిలించాను. రేడియో అలవాటుపడి ఇంట్లో పెళ్లాంతో "టీ ఇవ్వండి" అన్నాడట, ఆవిడ కంగారుపడి ఒంట్లో బావుందా అని అడిగిందట. అందరూ నవ్వారు. పుట్టీ నవ్వలేదు. "ఒక అక్షరం ఎక్కువైందమ్మాయ్. జారేటప్పుడు అక్షరానికి టైముండదు" అన్నాడు. ఆరోజు నుంచి నా తప్పుల కోసం కాచుక్కూచున్నాడనే నా నమ్మకం.

*

తేల్చుకుందామని నేను గోడౌన్‌కు వెళ్లాను. మధ్యాహ్నానికి ముందే ట్రైనరమ్మ పిలవకుండానే అక్కడికి వచ్చింది. ఆవిడకూ ఆరాటమే. నమ్మకం నేర్పడానికొచ్చి చెయ్యి విరగ్గొట్టిందని మా యజమాని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు. వెంట సూట్‌కేసంత స్పీకరు, చేతిలో మైకు. ఇంతమాత్రం మందికి మైకెందుకని ఎవరూ అడగలేదు.

నిలువుగా ఆనించిన అద్దాల వరసల మధ్య కుర్చీలు గుండ్రంగా వేయించింది. చుట్టూ అద్దాలే కాబట్టి ఎవరు తల తిప్పుకున్నా ఏదో ఒక పలకలో ఇంకొకరి కళ్లకు దొరికిపోతున్నారు. మా ఆయన నా కుడిపక్కన కూర్చుని కట్టు కింద తన అరచెయ్యి ఆసరాగా పెట్టారు. పుట్టీ సరిగ్గా నా ఎదురుగా కూర్చుని గోళ్లలో ఎండినదాన్ని గీక్కుంటున్నాడు.

"ఇక్కడ ఎవరూ ఎవర్నీ నిందించరు" అంది ట్రైనరమ్మ మైకులో. పైన రేకులు అదిరాయి. "ప్రతి ఒక్కరూ 'నేను' అని మొదలెట్టి ఆరోజు తాము చూసింది చెబుతారు. మిగతావాళ్లు మధ్యలో మాట్లాడకుండా వినాలి. మంచి టీముకు మొదటి లక్షణం వినడం."

"నేను" అన్నాడు రేడియో వెంటనే, "కాళ్లవైపు చేతులు చాచి నుంచున్నానండి. వదిన వాలింది. అంతలో మైకు మూగబోయిందండి."

"నేనూ అదే చూశాను" అన్నాడు పెద్ద కవల.

"నేను కూడా" అన్నాడు చిన్నవాడు.

ట్రైనరమ్మ కళ్లు అరమోడ్చి తలూపుతోంది. మనసులు తెరుచుకుంటున్నాయని సంబరపడుతోందేమో అనుకున్నాను. డ్రైవరు వంతు వచ్చింది. వాడూ 'నేను'తో మొదలెట్టి తిన్నగా మైకు మూగబోవడం దగ్గరికి చేరేసరికి, ఆవిడ పెట్టిన నియమాన్ని ఆవిడే తప్పింది.

"ఒక్క నిమిషం. ఏ మైకు?"

"మీదేనండి."

"నా మైకు ఎప్పుడు మూగబోయింది?"

డ్రైవరు మా ఆయన వైపు చూశాడు. చూసింది నేరుగా కాదు, ఎదురుగా ఉన్న పలకలోంచి.

ట్రైనరమ్మ మొహం ఎర్రబడింది. మనిషి చెయ్యి విరగ్గొట్టావంటే ఓర్చుకుందిగానీ మైకు జోలికొస్తే ఓర్చుకోలేకపోయింది. "ఇది ఛార్జింగ్ మైకు. రోజంతా వస్తుంది. ఇన్నేళ్లలో ఒక్క క్లాసులో నన్ను మధ్యలో వదిలెయ్యలేదు. ఆరోజు మేడమ్ పడగానే నేను మైకులోనే కదా అరిచాను, పట్టుకోండి, పట్టుకోండి అని. పై అంతస్తు ఆఫీసువాళ్లు దిగొచ్చారు కూడా. ఎవరో తమ తప్పు నా వస్తువు మీద పెడుతున్నారు."

నాకప్పుడు గుర్తొచ్చింది. తువ్వాలు చెవుల మీంచి జారింది. మణికట్టులో ఇంకా నొప్పి పుట్టలేదు. తల మీద ఉరిమినట్టు ఆ గొంతు, పట్టుకోండి, పట్టుకోండి అని. పడ్డాక పట్టుకోవడమేమిటని నాకు నవ్వు కూడా వచ్చింది. నవ్వు వచ్చిన సంగతి ఇన్నాళ్లూ గుర్తుంది, ఎందుకు వచ్చిందో గుర్తులేదు.

మైకు నిక్షేపంలా ఉంది. అయితే మైకు పోయిందన్నవాడూ లేడు, ఊడ్చేవాడూ లేడు. నా కట్టు కింద ఆసరాగా ఉన్న అరచెయ్యి మెల్లిగా జరిగి జేబురుమాలు కోసం వెళ్లింది.

"ఈ మైకు కథ మీకు ఎవరు చెప్పారండి?" అన్నాను, ఎవర్నీ ప్రత్యేకంగా చూడకుండా.

రేడియో జీవితంలో మొదటిసారి నోరు కట్టేసుకున్నాడు. కవలలిద్దరూ ఒకే బూటు వైపు చూస్తున్నారు.

"నింద వద్దు, నింద..." అంటూ ట్రైనరమ్మ మైకెత్తింది. ఎడంచేత్తో దాన్ని అందుకుని, మీట నొక్కి ఆపి, నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ వింతగా చూసిందేగానీ తిరిగి అడగలేదు.

"నేనే చెప్పాను" అన్నారు మా ఆయన. గొంతులో తొట్రుపాటు లేదు. "నొప్పితో ఉన్నావు. ఎవరో కావాలని చేశారనుకుంటే కుమిలిపోతావని అందరం ఒక మాట అనుకున్నాం. నీ మంచికే."

"నా మంచి సంగతి తర్వాత చూద్దాం. అన్నది ఎవరు?"

"ఆ గోలలో ఎవరికి తెలుస్తుంది? ఎవడో అన్నాడు."

"ఎవడో అంటే మనం చేతులు తీస్తామా?" అన్నాడు పుట్టీ. గోళ్ల మీంచి చూపు ఎత్తలేదు. "ఆమధ్య ఒకసారి యజమాని అద్దం పక్కనే నుంచుని ఫోన్లో ఆర్డరు పోయిందని అరిచాడు. ఒక్క చెయ్యి కదిలిందా? ఊడ్చేవాడంటే కదులుతుందా? చిన్నపిల్లలకి చెప్పాల్సిన కథ చెప్పి, ఆ అమ్మాయి నమ్మిందని సంతోషపడ్డారు."

"నువ్వు ఊరుకో" అన్నారు మా ఆయన.

"ఊరుకునే ఉన్నా ఇన్నాళ్లూ."

"పుట్టీగారూ" అన్నాను. "నేను ఆ మాటంటే మీ చేతులు కదులుతాయా?"

అతను మొదటిసారి నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో నేను వెతుకుతున్న కసి కనబడలేదు. "తెలీదమ్మాయ్. నువ్వు అనాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. రాకుండా చూసుకున్నావ్. మా చేతులకి తెలిసిన గొంతు ఒకటే. అది ఎవరిదో నన్నడగక్కర్లేదు."

అడగక్కర్లేదు. గుమ్మం దగ్గర కుర్చీలో, ముఖ్య అతిథిగా కూర్చున్న మనిషి గొంతు అది.

తల తిప్పి ఒక్కొక్కరినీ చూశాను. అందరికీ తెలుసు. పడిన క్షణం నుంచీ తెలుసు. మా ఇంటికొచ్చి, నా మంచం పక్కన కూర్చుని, నా మొహంలో మొహం పెట్టి అబద్ధం చెప్పినప్పుడూ తెలుసు. ఇన్నాళ్లలో ఒక్కడూ నోరు జారలేదు. ట్రైనరమ్మ బోర్డు మీద రాసి నేర్పాలనుకున్న ఐకమత్యం మావాళ్ల దగ్గర నిండుకుండలా ఉంది. ఒకరి గుట్టు ఒకరు ఇంత గట్టిగా కాపాడుకునే టీమును ఆవిడ ఇంకెక్కడా చూసి ఉండదు. అందులో నేను లేను, అంతే తేడా. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఎన్ని అద్దాల్లో కనిపిస్తానో గుర్తొచ్చి దిగమింగాను.

"నాన్నకి పెద్దతనం. పాత అలవాటు కొద్దీ నోరు జారింది" అన్నారు మా ఆయన, నా చెవి దగ్గరికి వంగి. "ఇంతటితో వదిలెయ్. ఇంటికెళ్లి ఆయన్ని అడగొద్దు. ఆయన మనసు కష్టపెట్టొద్దు."

జీవితమంతా ఆ మాటను తూచి వాడిన మనిషికి నోరు జారడమేమిటి? అసలు అడగొద్దని ఈయన ఇంతగా చెప్పడమేమిటి? మైకును ట్రైనరమ్మ చేతిలో పెట్టి, లేచి, ఎవరి ఆసరా లేకుండా బయటికి నడిచాను.

*

మామయ్య పెరటి మెట్ల మీద కూర్చుని రబ్బరు కప్పులు కడుగుతున్నారు. అద్దానికి అతుక్కుని దాన్ని పట్టుకునే కప్పులవి. అంచున ఒక్క ఇసుక రేణువున్నా పట్టు వదులుతుంది. పని మానేసినా ఈ ఒక్క పనినీ ఆయన ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద అద్దం ఎత్తే ముందురోజు కప్పులన్నీ ఇంటికి తెప్పించుకుంటారు.

"మామయ్యా, ఆరోజు అన్నది మీరే."

కప్పు అంచు చుట్టూ బొటనవేలితో తడిమి చూసుకుంటూ "ఊఁ" అన్నారు. కాదంటారనుకుని దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

"మీరే నిలబెట్టారు, మీరే పడేశారు. తప్పు మనిషిని ఎంచానని నలుగురిలో చూపించడానికా? ఆ ముక్క నాతో చెబితే నేనే తప్పుకునేదాన్ని. చెయ్యి విరగ్గొట్టక్కర్లేదు."

"కూర్చోమ్మా."

"నుంచునే వింటాను."

ఆయన కప్పును బోర్లించి గుడ్డ మీద పెట్టారు. "నేను అనేసరికే ఒకడు చేతులు తీసేశాడు."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు బల్ల మీంచి వాలావు. వాళ్ల చేతుల్లోకి ఇంకా రాలేదు. తల దగ్గర నుంచున్నవాడి మోచేతులు వెనక్కి రావడం చూశాను. ఒక మూల వదిలితే పలక ఏమవుద్ది?"

"మెలి తిరుగుతుంది."

"మనిషైనా అంతే. నడుం దగ్గర, కాళ్ల దగ్గర వాళ్లు గట్టిగా పట్టుకుంటారు. తలవైపు జారుద్ది. మెడ మీద పడేదానివి. అందరూ తీసేస్తే వీపు మీద పడతావు, చెయ్యో కాలో విరుగుద్ది, అతుక్కుంటది. ఇదంతా ఆలోచించి అన్నాననుకోకు. మోచేతులు కదలడం చూడగానే నోటికి అదే వచ్చింది. జీవితమంతా అదే కదా చేశాను."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. నన్ను పడేసిన మాటే నా ప్రాణం నిలిపిందని తెలిసి ఎవరైనా సంతోషిస్తారు. నేను మాత్రం ఆరోజు ఎవరెక్కడ నిలబడ్డారో గుర్తు చేసుకున్నాను. తల దగ్గర నిలబడింది ఇద్దరే. ఒకవైపు పుట్టీ, ఎదురుగా మా ఆయన.

"పుట్టీయేనా?" అన్నాను. అవునంటే బావుండునని నా గొంతులోనే వినబడింది.

మామయ్య ఇంకో కప్పు నీళ్లలో ముంచారు. దాన్నే చాలాసేపు కడిగారు.

ఒకసారి తాగి అద్దం కిందికొచ్చినవాణ్ని ఈయన కాలరు పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చుకెళ్లడం నేను కళ్లారా చూశాను. ఆరోజు చేతులు తీసింది పుట్టీ అయితే హాల్లోనే అతని వీపు మీద కర్ర విరిగేది. అదేమీ జరగలేదు. ఇంటికొచ్చి నోరు మూసుకున్నారు. ఐదుగురు కలిసి ఒక పనికిమాలిన కథ అల్లి నాకు వినిపిస్తుంటే పక్కగదిలో కూర్చుని విన్నారు. ఈ మనిషి నోరు కట్టెయ్యగలిగినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి కొడుకు మీద పెడుతున్నారేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. అలాంటి మనిషైతే ఆ పేరు ఈపాటికి చెప్పేసేవారు. ఆయన చెప్పనేలేదు.

"వాణ్ని కాదని నిన్ను నిలబెట్టినప్పుడు వాడు నన్ను ఒక్క మాట అడగలేదమ్మా" అన్నారు చివరికి, నీళ్లతో చెబుతున్నట్టు. "అడిగి, పోట్లాడి ఉంటే నాకు భయముండేది కాదు."

జడ వేసిన చేతులు గుర్తొచ్చాయి. మందుబిళ్ల నోట్లో వేసిన చేతులు. ఇంత ప్రేమగా చూసుకున్నది ప్రేమతోనా, చేసిన పనికి భయంతోనా? ఆ రెండూ పక్కపక్కనే ఉండగలవని తట్టింది. మనిషిని ద్వేషించడానికి కూడా ఒక చోటు కావాలి, ఇక్కడ అదీ దొరకలేదు.

వీధి తలుపు చప్పుడైంది. మా ఆయన నేరుగా పెరట్లోకే వచ్చారు. చేతిలో నా ఫోను, గోడౌన్‌లో మర్చిపోయాను. తండ్రి మొహం చూశారు, నా మొహం చూశారు. అడగాల్సిన పని లేకపోయింది.

"యజమాని. లైన్లో ఉన్నాడు" అన్నారు. ఫోనును అరచేత్తో మూసి, గొంతు తగ్గించి, "చేయిస్తానని చెప్పు. రేపు పై మూల నేను పట్టుకుంటా. నీకు భయం వద్దు" అన్నారు.

ఫోను అందుకున్నాను.

"ఏమ్మా, చేయిస్తావా, పుట్టీకి చెప్పనా?"

"చేయిస్తానండి" అన్నాను. నా గొంతు స్థిమితంగానే ఉంది. నాకే ఆశ్చర్యమేసింది. "నా మనుషుల్లో ఒకరు రేపు పనిలో ఉండరు. ఇంకో బృందం నుంచి ఒక మనిషిని సర్దండి."

"అలాగే సర్దుతాలే. ఉండనిది ఎవరు?"

మా ఆయన నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. మొహంలో రక్తం లేదు. తండ్రికి వినబడకుండా చెబుదామనుకున్నారో ఏమో, వినబడింది. "నాన్నకి గుమ్మం దగ్గర్నుంచి కనబడింది నా వీపు, నా మోచేతులు. అంతే. ఎదురుగా ఉన్నవాడి చేతులు కనబడవు. నా చేతులు నేను తియ్యలేదు. నా మణికట్లు పట్టుకుని పక్కకి తోసింది ఎవరో నువ్వు అడగలేదు."

మామయ్య చేతిలో కప్పు ఆగింది. ఆయన కళ్లు కొడుకు వీపు మీద నిలిచాయి. ఆరోజు తను కూర్చున్న చోటు నుంచి ఏది కనబడిందో, ఏది కనబడలేదో లెక్కేసుకుంటున్నారని నాకు తెలుస్తోంది. మైకు కథ కూడా ఇదే గొంతు, ఇంత నెమ్మదిగా, ఇంత నమ్మేలా చెప్పింది. అయినా పుట్టీ తన గోళ్ల మీంచి అంతసేపు చూపెత్తకపోవడం కూడా నేను చూశాను.

రేపు అద్దం కింద ఆ ఇద్దరిలో ఒకరు ఉండకూడదు. రెండోవాడు పై మూల పట్టుకుంటాడు, వాడి పక్కన ఐదుగురి ప్రాణాలుంటాయి. పొరపడితే సరిదిద్దుకునే వ్యవధి ఉండదు.

"ఎవరమ్మా?" అని యజమాని మళ్లీ అడిగాడు.